పెరట్లో మూడున్నర అడుగుల వాలు: కూర్చోడానికి అరుగు ఎక్కడ, ఎలా వేసుకోవాలి?

సంపెంగ_తోట · విశాఖపట్నం

అందరికీ నమస్కారం. మా ఇల్లు సింహాచలం కొండ దిగువన. దక్షిణం రోడ్డు, వెనక ఉత్తరం వైపు పెరడు. వెనక గుమ్మం నుంచి ప్రహరీ దాకా 30 అడుగులు, అడ్డం 25 అడుగులు. చోటు బాగానే ఉంది కానీ అంతా వాలే. గుమ్మం దగ్గర నేలకీ ప్రహరీ మొదట్లో నేలకీ మూడున్నర అడుగుల తేడా. ఈశాన్యం మూల అన్నిటికంటే పల్లం.

వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు ఉంది. పడమటి వైపు, గుమ్మానికి ఓ 16 అడుగుల దూరంలో పెద్ద వేపచెట్టు. తూర్పు ప్రహరీ అవతల సందు, సందులో సిమెంటు కాలువ. ఉత్తరాన వేరేవాళ్ళ ఖాళీ సైటు.

కావలసింది పెద్దదేమీ కాదు. సాయంత్రం నలుగురైదుగురం కుర్చీలు వేసుకుని టీ తాగాలి. మా మామగారు చేతికర్రతో నడుస్తారు, ఆయన కూడా టెన్షన్ లేకుండా రాగలగాలి. ఇద్దరు మేస్త్రీలను పిలిచి చూపించాం. ఒకాయన ప్రహరీ దాకా మట్టి పోసి మొత్తం చదును చేసేద్దాం, పైన పార్కింగ్ టైల్స్ అన్నారు. ఇంకొకాయన పిల్లర్లు లేపి ఇంటి గోడకి ఆనించి స్లాబు వేద్దాం అన్నారు. 16 అడుగులు బయటికి, 10 అడుగులు వెడల్పు అని మా ఇంట్లో ఒక అనుకోలు. మీరేమంటారు?

బడ్జెట్_బాబు · విజయవాడ

దీనికింత ఆలోచన ఎందుకండీ! పాత ఇళ్ళు కొట్టేసే చోట ఇటుక ముక్కలు, పెళ్ళలు ఊరికే ఇస్తారు. కొందరైతే ఎదురు డబ్బులిచ్చి మరీ పంపిస్తారు. ట్రాక్టర్లతో పోయించి, పైన గ్రావెల్ పరిచి, నాలుగంగుళాల కాంక్రీటు వేసేయండి. నేను చెప్పినంత చవగ్గా ఇంకెవరూ చెప్పరు.

లెవెల్_పైపు · రాజమహేంద్రవరం

బాబూ, చవకే. రెండో వానాకాలం దాకా.

సంపెంగ గారూ, మొదట ఆ "మొత్తం చదును" మాట పక్కన పెట్టండి. లెక్క చూద్దాం. 30 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, ఒక చివర సున్నా, ఇంకో చివర మూడున్నర అడుగులు. సగటున అడుగూ ముప్పావు. అంటే 1,300 ఘనపుటడుగుల పైమాట. వదులు మట్టి దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి ఇంకో పాతిక శాతం కలుపుకోండి, 1,600 అవుతుంది. ట్రాక్టరుకి 100 చొప్పున 16 ట్రాక్టర్లు. అంత మట్టిని ఆరంగుళాల పొర పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్ళీ పొర పోసి చేసే మేస్త్రీ నాకు తెలిసి తక్కువ. ఒక్కసారిగా దింపేసి పైన నీళ్ళ పైపు పెడతారు. పై అడుగు అణుగుతుంది, కిందది అలాగే ఉంటుంది. ఆ తర్వాత టైల్స్ ఒక్కొక్కటీ ఊగుతాయి.

అంతకంటే పెద్ద సంగతి ప్రహరీ. ప్రహరీ గోడ దొంగలు రాకుండా, గేదెలు రాకుండా కట్టేది. మట్టిని ఆపడానికి కట్టింది కాదు. దానికి మూడున్నర అడుగుల మట్టి ఆనిస్తే, వాన నీరు పట్టిన రోజున ఆ మట్టి బరువూ నీటి తోపూ కలిసి గోడ మీద పడతాయి. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది. పక్క సైటులో రేపు ఎవరైనా గుడిసె వేసుకుని ఉంటే? వానాకాలంలో "గోడ కూలి" అని పేపర్లో వచ్చే వార్తల్లో ఇలాంటి గోడలు చాలా ఉంటాయి. మట్టి ఆపాలంటే రివిట్‌మెంట్ గోడ వేరే కట్టాలి, ప్రహరీకి దూరంగా.

పిల్లర్ల మీద స్లాబు అంటారా, కట్టుబడిగా ఆగుతుంది. కానీ ఖర్చు ఎక్కువ. పైగా అది సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ రూలు ప్రకారం ఖాళీగా వదలాల్సిన) స్థలంలో కట్టడమే అవుతుంది, ప్లాను అనుమతి గొడవ. కింద మిగిలే చీకటి జాగాలో ఏం చేరతాయో మీ ఊరివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

మీ ప్రశ్నకి నా సమాధానం: వాలుని చంపకండి. మీ 16 × 10 కొలతను అడ్డం తిప్పండి. పొడుగు వైపు వాలుకి అడ్డంగా రావాలి. మీ నేల అడుక్కి సుమారు అంగుళంన్నర, కచ్చితంగా అంటే 1.4 అంగుళాలు పడుతోంది. వాలు వెంట 16 అడుగులు తీసుకుంటే 22 అంగుళాల తేడా సర్దాలి. అదే 10 అడుగులు తీసుకుంటే 14 అంగుళాలే. చోటు అంతే, కట్టాల్సిన గోడ ఎత్తు మూడోవంతు పైగా తగ్గిపోయింది.

సంపెంగ_తోట

మాస్టారూ, ఇది నాకు తట్టనే లేదు. మరి ఇంటి గోడ నుంచే మొదలుపెట్టాలా?

లెవెల్_పైపు

వద్దు. ఇంటి పునాది పక్కన తవ్వకూడదు. ఆరడుగులు వదిలేయండి, ఆ పట్టీలో మొక్కలు పెట్టుకోండి. అరుగు ఆరో అడుగు నుంచి పదహారో అడుగు దాకా. పూర్తయిన అరుగు మట్టం మధ్యలో, అంటే 11వ అడుగు దగ్గర, ఇప్పుడున్న నేలతో సమానంగా పెట్టండి. అప్పుడు పై అంచు నేలకంటే ఏడంగుళాలు లోతు, కింది అంచు నేలకంటే ఏడంగుళాలు ఎత్తు.

ఇప్పుడు అసలు సుళువు చూడండి. రాయి ఒకటిన్నర అంగుళం, కింద డస్ట్ (రాతిపొడి) లేదా ఇసుక ఒకటిన్నర, దాని కింద దిమ్మిస కొట్టిన గ్రావెల్ నాలుగు. మొత్తం ఏడంగుళాల పరుపు. కాబట్టి పై అంచులో 14 అంగుళాలు తవ్వుతారు, కింది అంచులో పైపైన గడ్డీ వేర్లూ గీకుతారు. అరుగు మొత్తం కింద ఎక్కడా పోసిన మట్టి ఉండదు. అంతా పాత, గట్టి నేల మీదే కూర్చుంటుంది. ఇలా వేసింది దిగబడదు.

నీటి వాటం మర్చిపోవద్దు. అడుక్కి పావంగుళం, ఇంటి నుంచి ప్రహరీ వైపుకి. పదడుగులకి రెండున్నర అంగుళాలు. గరుకు రాయికి అంతకంటే తగ్గిస్తే మధ్యలో మడుగులు కడతాయి.

ప్రవాసి_పెరడు · అట్లాంటా

ఇక్కడ జార్జియాలో కూడా ఎర్ర బంకమట్టి, వాలు పెరళ్ళే. మేమంతా చెక్క డెక్ వేయించేస్తాం. స్తంభాలు పాతి పైన పలకలు, మట్టి జోలికే పోనక్కర్లేదు. అది ఆలోచించారా?

గెడ్డ_గట్టు · విశాఖపట్నం

అన్నా, మీ చెక్క ఇక్కడ చెదపురుగులకి విందు భోజనం. ఇనప ఫ్రేము వేద్దామంటే సముద్రపు గాలి. బోల్టులు ముందు పోతాయి, తర్వాత ఫ్రేము. రాయే మేలు.

అక్కా, మన ఎర్రమట్టి గురించి ఒక్క మాట. భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. వాన నీళ్ళు ఆ మట్టిని ఎంత లోతుగా కోసుకుపోయాయో అక్కడ కనిపిస్తుంది. మన పెరళ్ళ మట్టి అచ్చం అదే కాకపోయినా గుణం ఆ బాపతే. ఎండలో పారకి లొంగదు, నీళ్ళు ధారగా పడితే మాత్రం బెల్లంలా కరుగుతుంది. మీ డాబా మీది నీళ్ళ గొట్టాలు ఎక్కడ పడుతున్నాయి? ముందు అది చెప్పండి.

సంపెంగ_తోట

వెనక సగం డాబా నీళ్ళన్నీ రెండు గొట్టాల్లో పెరట్లోకే వస్తాయి. ఒకటి సరిగ్గా గుమ్మం పక్కనే. అది పడేచోట ఇప్పటికే చిన్న గాడి పడింది.

లెవెల్_పైపు

గెడ్డ గారు అడగాల్సిందే అడిగారు. వెనక సగం డాబా ఓ 600 చదరపుటడుగులు అనుకుందాం. తుపాను రోజున 10 సెంటీమీటర్ల వాన పడితే అక్కణ్ణుంచే 5,500 లీటర్లు దిగుతాయి. అరుగు మీద పడేది ఆ లెక్కన సుమారు 1,500 లీటర్లే. అందరూ అరుగు వాటం గురించి కంగారు పడతారు, అసలు నీళ్ళు పైనుంచి వస్తాయి. ఆ రెండు గొట్టాలనీ భూమిలో నాలుగంగుళాల పీవీసీ పైపుకి కలిపి, తూర్పు ప్రహరీ వెంట కిందికి తీసుకెళ్ళండి. గుమ్మం పక్కన గొట్టం అలాగే వదిలేసి కింద ఎంత మంచి రాయి పరిచినా వృథా.

అరుగు పై అంచున, మొక్కల పట్టీకీ రాళ్ళకీ మధ్య ఆరంగుళాల వెడల్పు కాలువ ఒకటి. పైనుంచి జారే నీళ్ళు, మట్టి అరుగు మీదికి రాకుండా అదే పట్టుకుని తూర్పుకి పంపుతుంది.

ఈశాన్య_మూల · తెనాలి

అమ్మా, ఇంత చర్చలో ఎవరూ ముఖ్యమైంది చెప్పలేదు. ఈశాన్యం పల్లంగా ఉండటం మీ అదృష్టం. అక్కడ మట్టి పోసి ఎత్తు చేయకండి, బరువు పెట్టకండి. నీళ్ళు అటే పోవాలి.

బడ్జెట్_బాబు

వచ్చారండీ వాస్తు గారు. ఎక్కడ చర్చ మొదలైనా ఈశాన్యంలోనే తేలుతుంది.

ఈశాన్య_మూల

మీరు నమ్మకపోతే మానేయండి. అడిగినావిడ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, వాళ్ళకి పట్టింపు ఉంటుంది.

సంపెంగ_తోట

నిజమే, మా అత్తగారికి పట్టింపే. గొడవ వద్దండీ.

లెవెల్_పైపు

గొడవ అక్కర్లేదు, ఈసారి వాస్తూ ఇంజినీరింగూ ఒకే మాట చెబుతున్నాయి. పల్లపు మూల నీళ్ళకి వదలాలి. ఆ మూలలో ఇంకుడు గుంత పెట్టండి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు తవ్వి 40 ఎంఎం కంకర నింపితే, కంకర సందుల్లో సుమారు 900 లీటర్లు పడతాయి. పైన లెక్క చూశారుగా, పెద్ద వానకి ఇది చాలదు. అందుకని గుంత నిండాక పొర్లే నీళ్ళు తూర్పు సందులోని కాలువలోకి పోయేలా ప్రహరీ అడుగున పైపు పెట్టాలి. కాలువ అడుగు మట్టం మీ గుంత పై అంచుకంటే కిందే ఉందా, కొలిచి చెప్పండి. ఉత్తరం వైపు ఖాళీ సైటులోకి మాత్రం పైపు తిప్పకండి. ఇవాళ ఖాళీయే, రేపు ఇల్లు కడితే తగాదా.

నిర్వాహకులు

వాస్తు మీద వాదన వేరే దారంలో కొనసాగించండి. ఇక్కడ అరుగు గురించే.

వేపనీడ · హైదరాబాద్

చెట్టు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. కాస్త గట్టిగానే.

వేపచెట్టు 16 అడుగుల దూరంలో, పడమటి వైపు అన్నారు. మీ అరుగు 16 అడుగుల అడ్డం పెడితే పడమటి అంచు చెట్టు మొదలు దగ్గరికి వచ్చేస్తుంది. మొదలు చుట్టుకొలత ఎంత? పెద్ద చెట్టుకి ఆహారం తెచ్చే వేర్లు ఎక్కువ భాగం పై అడుగూ రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అక్కడ గోడ పునాది కోసం పొడుగ్గా కందకం తవ్వారంటే ఒక వైపు వేర్లన్నీ తెగుతాయి. చెట్టు ఏడాది దాకా ఏమీ చెప్పదు, తర్వాత కొమ్మ కొమ్మగా ఎండుతుంది. తుపాను గాలికి తెగిన వేర్లు ఉన్న పక్కకి వ్యతిరేకంగా ఒరిగిపోతుంది కూడా.

ఇంకొకటి, తవ్విన మట్టి తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోయడం మనవాళ్ళకి అలవాటు. కాండం నేలలోకి దిగేచోట కొంచెం వెడల్పుగా ఉంటుంది చూడండి, అది ఎప్పుడూ గాలికి కనబడాలి. ఆ భాగం మట్టిలో కూరుకుపోతే బెరడు కుళ్ళుతుంది.

సంపెంగ_తోట

చుట్టుకొలత నా రెండు చేతులతో పట్టుకుంటే వేళ్ళు అందవు. ఆ చెట్టు మా మామగారు వేసింది. దాన్ని పోగొట్టుకునే ప్రసక్తే లేదు. అరుగు తగ్గించమంటే తగ్గిస్తాం.

వేపనీడ

అయితే రెండడుగులు తగ్గించి 14 చేయండి. చెట్టు వైపు అంచున గోడా వద్దు, పునాదీ వద్దు, కాంక్రీటూ వద్దు. అక్కడ రాళ్ళు గ్రావెల్ మీద పొడిగా పరచండి, సందుల్లో డస్ట్ నింపండి. నీళ్ళు, గాలి వేర్లకి అందుతాయి. తవ్వేటప్పుడు బొటనవేలికంటే లావు వేరు తగిలితే నరకకండి, దాని చుట్టూ చేత్తో మట్టి తీసి, పైన గ్రావెల్ సర్దుకోండి. ఎప్పుడో పదేళ్ళకి ఆ వేరు లావెక్కి రాయిని లేపితే, ఆ ఒక్క రాయి తీసి సర్దుకుంటారు. సిమెంటు పెట్టి అతికించిన రాయికి ఆ వీలు లేదు.

రేగడి_రైతు · నరసరావుపేట

మాది నల్లరేగడి. మాస్టారు చెప్పిన ఏడంగుళాల పరుపు మాకు కూడా సరిపోతుందా? ఎండాకాలం మా పెరట్లో పగుళ్ళలో చెయ్యి పడుతుంది.

లెవెల్_పైపు

సరిపోదు. రేగడికి వాలు సమస్య కాదు, ఊపిరి సమస్య. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. రెండడుగుల దాకా రేగడి తీసేసి గ్రావెల్ పోసి పొరలుగా దిమ్మిస కొట్టండి, అంచుల నుంచి నీళ్ళు కిందికి దిగకుండా చూసుకోండి. వివరంగా వేరే దారం పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

నాపరాయి · తాండూరు

రాయి విషయం నాకు వదిలేయండి, మా ఇంట్లో మూడు తరాల వ్యాపారం.

మీ పెరడు ఉత్తరం వైపు. ఇంటి నీడ పడుతుంది, పైన వేప నీడ. వానాకాలంలో పాచి పట్టడం ఖాయం. కర్రతో నడిచే పెద్దాయన ఉన్నారు. కాబట్టి పాలిష్ రాయి మాట ఎత్తకండి. పార్కింగ్ టైల్స్ కొన్ని గరుకుగానే ఉంటాయి కానీ వాటి గాళ్ళలో పాచి నిలిచిపోతుంది, రుద్దినా పోదు. తాండూరు బండలో పాలిష్ చేయని, సహజంగా పొర విడిచిన ముఖం ఉన్నది తీసుకోండి. నీలం, పసుపు రెండూ దొరుకుతాయి. నీడలో పసుపు వెలుగుగా కనిపిస్తుంది, నీలం మీద మరకలు తక్కువ కనిపిస్తాయి. కడప నల్లబండ అందమే కానీ ఎండ పడేచోట కాళ్ళు కాలతాయి, మీకు నీడ కాబట్టి ఆ బాధ తక్కువ. బేతంచెర్ల బండ కూడా మంచిదే. ఇవన్నీ సున్నపురాళ్ళు, ఒక్క జాగ్రత్త చాలు: యాసిడ్ పోసి కడగకూడదు. నిమ్మరసం పడినా మచ్చ పడుతుంది. పాచికి గట్టి చీపురూ, నీళ్ళూ, కొంచెం బ్లీచింగ్.

మందం దగ్గర మోసపోకండి. ఇంట్లో గచ్చుకి వేసే ముప్పావంగుళం బండ పొడి పరుపు మీద వేస్తే కుర్చీ కాలు కింద పగులుతుంది. ఒకటిన్నర అంగుళం అడగండి. అన్నీ ఒకే మందం రావు, పావంగుళం అటూ ఇటూ ఉంటుంది, అది కింద డస్ట్‌లో సర్దుకుంటుంది.

గెడ్డ_గట్టు

గ్రానైట్ వద్దంటారా అన్నా? మా వైపు అది దగ్గర.

నాపరాయి

వద్దని ఎందుకంటాను. మంట పెట్టి గరుకు చేసిన గ్రానైట్ వీటన్నిటికంటే గట్టిది, యాసిడ్‌కీ ఉప్పుగాలికీ లెక్కచేయదు. ధర ఎక్కువ. మా తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది, నీళ్ళు నిలవ ఉండే చోట కొన్నేళ్ళకి పై పొర లేవొచ్చు. అందుకే మాస్టారు చెప్పిన వాటం, కింద నీళ్ళు దిగే పరుపు, రెండూ ముఖ్యం. నా సరుకు అమ్ముకోడానికి ఇది దాచిపెట్టను.

గెడ్డ_గట్టు

అంచు గోడకి రాయి గురించి నేను చెబుతాను. కొండ తవ్విన చోట్ల ఎర్రగా, చుక్కలు చుక్కలుగా ఉండే కొండరాయి ఊరికే దొరుకుతుంది. అందులో మెత్తబడిపోయినది చాలా ఉంటుంది. సుత్తితో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పక్కన పడేయండి. అనకాపల్లి వైపు క్వారీల నల్లరాయి అయితే చూడక్కర్లేదు.

సందులు వదిలిన పొడి రాతి కట్టుడు చూడ్డానికి బాగుంటుంది, కానీ కొండ కింద ఇల్లు కదా, పాములూ తేళ్ళూ ఆ సందుల్లో కాపురం పెడతాయి. బయటి వైపు సిమెంటుతో పాయింటింగ్ చేయించండి, నీళ్ళు పోయే పైపులకి వెనక జాలీ కట్టించండి. ఇంకా, పైన రేకుల షెడ్డు ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నాడు ఈ ఊళ్ళో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్ళెవరూ పెరట్లో రేకు వేయరు. వేప ఉంది, చాలదా?

సంపెంగ_తోట

అందరికీ ధన్యవాదాలు. రేకుల ఆలోచన లేదు. ఇప్పుడు కొలతలు తీయాలి. మేస్త్రీ రాకముందే నేనే తీసుకోవచ్చా? స్పిరిట్ లెవెల్ ఒక అడుగుది ఉంది.

లెవెల్_పైపు

ఒక అడుగు మట్టంతో 14 అడుగులు కొలిస్తే తప్పు 14 సార్లు పోగవుతుంది. నా పేరు చూశారుగా, లెవెల్ పైపు తెచ్చుకోండి. హార్డ్‌వేర్ షాపులో పారదర్శకంగా ఉండే సన్న గొట్టం, 50 అడుగులు. ఒక కొన బకెట్టు నీళ్ళలో పెట్టి రెండో కొన నోటితో పీల్చి నింపండి. నీళ్ళలో నాలుగు చుక్కల సిరా గానీ పసుపు గానీ కలిపితే మట్టం బాగా కనిపిస్తుంది. గొట్టంలో ఎక్కడా గాలి బుడగ ఉండకూడదు. వేలితో తడుతూ బుడగలన్నీ ఒక కొసకి తరమండి. ఒక్క బుడగ చిక్కుకున్నా మట్టం తప్పు చూపిస్తుంది. రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్ళు ఒకే ఎత్తులో ఉన్నాయని చూసుకున్నాకే విడదీయండి.

అరుగు నాలుగు మూలల్లో కర్రలు పాతండి. ఇంటి గోడ మీద ఒక గీత గీసుకోండి, అది మీ ఆధారం. గొట్టం ఒక కొస గీత దగ్గర, రెండోది కర్ర దగ్గర. నీళ్ళు నిలకడగా ఆగాక కర్ర మీద గుర్తు. నాలుగు కర్రల మీదా గుర్తులయ్యాక, గుర్తు నుంచి నేల దాకా కొలవండి. నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి.

సంపెంగ_తోట

మా అబ్బాయీ నేనూ తీశాం. గోడ మీద గీత నుంచి నేల దాకా అంగుళాల్లో: పై అంచు పడమర 20, పై అంచు తూర్పు 25, కింది అంచు పడమర 34, కింది అంచు తూర్పు 39. అంటే తూర్పు వైపుకి కూడా ఐదంగుళాలు పడుతోంది. ఇది మాకు కంటికి కనిపించనే లేదు! సందులో కాలువ అడుగు ఈశాన్య మూల నేలకంటే అడుగూ ముప్పావు కిందే ఉంది.

లెవెల్_పైపు

కన్ను వాలు నేల మీద ఎప్పుడూ మోసపోతుంది, చుట్టూ తిన్నగా ఉన్నది ఏదీ లేదు కదా. కాలువ మట్టం మీకు కలిసొచ్చింది, పొర్లు నీటి పైపు హాయిగా పోతుంది.

ఇప్పుడు లెక్క మార్చుకోండి. నాలుగు అంకెల సగటు 29.5. అరుగు నడిమి మట్టం గీత నుంచి 29.5 అంగుళాల కింద. రెండున్నర అంగుళాల వాటం ఇస్తే పై అంచు 28.25, కింది అంచు 30.75 దగ్గర వస్తాయి. అంటే పై పడమటి మూలలో అరుగు నేలకంటే ఎనిమిదింబావు అంగుళాల లోతులో ఉంటుంది, కింది తూర్పు మూలలో నేలకంటే ఎనిమిదింబావు పైన. ఆ ఒక్క మూలలోనే ఏడంగుళాల పరుపు కింద ఇంకో ఒకటింబావు అంగుళాల ఖాళీ వస్తుంది. గడ్డి గీకిన లోతు దీనికి అదనం. అక్కడ మట్టి పోయకండి, గ్రావెలే ఎక్కువ వేసి దిమ్మిస కొట్టండి.

కింది అంచుకీ తూర్పు అంచుకీ రాతి కట్టుడు గోడ, 15 అంగుళాల మందం. నేలలోకి ఒక అడుగు పునాది, కింద నాలుగంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు). గోడ వెనక ఆరంగుళాల వెడల్పున 20 ఎంఎం కంకర, కంకరకీ మట్టికీ మధ్య నీళ్ళని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. రెండంగుళాల పైపులు నాలుగైదడుగులకి ఒకటి, బయటికి కొంచెం వాలుగా. గోడని అరుగు పైన ఇంకో 16 అంగుళాలు లేపితే నలుగురు కూర్చునే గట్టు అవుతుంది, కుర్చీలు వెనక్కి జారి పడిపోయే భయం కూడా ఉండదు. అలా లేపితే అరుగు మట్టంలోనే మూడంగుళాల కన్నాలు వదలండి, లేకపోతే గట్టే ఆనకట్ట అవుతుంది. నాలుగడుగులు దాటే గోడ అయితే ఇంజినీరు డిజైన్ లేకుండా కట్టొద్దనేవాణ్ణి. మీది అంత లేదు.

గోడని చెట్టుకి ఇవతల ఆపేయండి. పడమటి అంచు వేపనీడ గారు చెప్పినట్టే.

సంపెంగ_తోట

మామగారి కోసం మెట్లా, ర్యాంపా?

లెవెల్_పైపు

ర్యాంపు అంటే అంగుళం దిగడానికి అడుగు పొడవు కావాలి. గుమ్మం కింద నేల నుంచి అరుగుకి సుమారు 15 అంగుళాలు దిగాలి, అంటే 15 అడుగులు. ఉన్నది ఆరడుగుల పట్టీ. మలుపు తిప్పితే కుదురుతుంది కానీ తడిసిన ర్యాంపు మీద కర్ర జారుతుంది. ఐదంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పు మెట్లు మూడు వేయండి. మూడూ ఒకే ఎత్తు ఉండాలి. అంగుళం తేడా ఉన్న మెట్టు దగ్గరే పెద్దవాళ్ళు తూలుతారు. రెండు వైపులా పట్టుకునే పైపు, చివరి మెట్టు దాటాక కూడా ఒక అడుగు ముందుకి ఉండాలి.

ప్రవాసి_పెరడు

మా నాన్నగారికి ఇక్కడ మెట్టు అంచు కనిపించేలా వేరే రంగు రాయి పట్టీ పెట్టించాం. సాయంత్రం మసక వెలుతురులో బాగా పనికొస్తోంది. చెప్పాలనిపించింది.

నాపరాయి

మంచి మాట. అరుగంతా పసుపు తాండూరు, మెట్ల అంచుకి నీలం పట్టీ. విడిగా కొనక్కర్లేదు, లోడులో నాలుగు నీలం బండలు కలపమంటే కలుపుతారు. 140 చదరపుటడుగులకి పదిశాతం ఎక్కువ తెప్పించుకోండి. దింపేటప్పుడు పక్కన నిలబడి, ఒక్కో బండనీ నాణెంతో తట్టి చూసుకోండి. పగులు ఉన్నది వెంటనే తెలుస్తుంది.

సంపెంగ_తోట

పని ఎప్పుడు మొదలుపెట్టమంటారు? తవ్విన మట్టి ఎక్కడ పెట్టాలి?

గెడ్డ_గట్టు

సంక్రాంతి దాటాక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి తుపాన్ల కాలం, తవ్విన గొయ్యి చెరువవుతుంది. మళ్ళీ వానలొచ్చే జూన్‌కి గోడ సెట్ అయి, పైపులన్నీ కలిపి ఉండాలి. ముందు పైపులు, ఇంకుడు గుంత, తర్వాత గోడ, ఆఖర్న రాళ్ళు. మేస్త్రీలు రాళ్ళతో మొదలుపెడదామంటారు, అడ్వాన్సు కోసం. ఒప్పుకోకండి.

లెవెల్_పైపు

అరుగు కింద తవ్విన మట్టే ఓ 80 ఘనపుటడుగులు వస్తుంది, కొంచెం ఎక్కువే అనుకోండి. అరుగు కిందినుంచి ప్రహరీ దాకా మిగిలిన 14 అడుగుల్లో అడ్డంగా రెండు మడులు కట్టుకుని వాటిలో పరచండి, ప్రహరీకి మూడడుగులు వదిలి. సెప్టిక్ ట్యాంకు మూత మీద మట్టి గానీ రాయి గానీ పడకూడదు, ఎప్పుడైనా తీయాల్సిందే.

బడ్జెట్_బాబు

మరి నా ఇటుక ముక్కలు దేనికీ పనికిరావా మాస్టారూ?

లెవెల్_పైపు

ఇంకుడు గుంత అడుగున వేయొచ్చు బాబూ. గట్టిగా కాలిన ఇటుకైతేనే, ప్లాస్టర్ పెళ్ళలు ఏరేసి.